పలకమీది ముఖము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక పౌరసంబంధ అధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి మీరు మంచినీటి పథకములను గూర్చి, వీధి దీపములను గూర్చి, ఇంటిపన్ను వసూళ్లను గూర్చి ప్రసంగములు వినియున్నారు. భోజనానంతరము ఎవరో అధికారి బొమ్మలను గూర్చి మాట్లాడునట, కొంత కునుకు తీయవచ్చునని మీలో కొందరు తలచియుందురు. వారిని నేను తప్పుపట్టను. కాని కునుకునకు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుడు. మీ ఊరి మొదట బస్సు దిగిన మనిషికి ముందుగా కనబడునది ఏమి? అనేక గ్రామములలో అది ఫ్లెక్సీ. పండుగ శుభాకాంక్షలు, జాతర ఆహ్వానము, గతించిన పెద్దలకు నివాళి, వీనిలో ఏదైనను దానిపై మనుష్యుల ముఖములుండును. ఆ ముఖములను ఎవరో ఒకరు కంప్యూటరు ముందు కూర్చుండి తీర్చి దిద్దినారు. ఊరు తన్ను గూర్చి తాను చెప్పుకొను మొదటి మాట ఆ మనిషి చేతి పని.

మరియొక సంగతి. మీ ఊరిలోనే ఏదో ఒక ఇంట ఒక పిల్లవాడో పిల్లయో గాజుపలకపై సన్నని కలముతో రాత్రి ప్రొద్దుపోవువరకు గీయుచుండవచ్చును. "చదువు మాని ఆ పలకతో ఆడుకొనుచున్నాడు, మీరైన బుద్ధి చెప్పుడు" అని తండ్రి మీకు మొరపెట్టుకొనియు ఉండవచ్చును. ఆ పిల్లవాడు ఆడుకొనుచున్నాడా, పని నేర్చుకొనుచున్నాడా? ఈ భేదము తెలియనిచో పెద్దల మాట ఆ బిడ్డకు మేలు చేయకపోగా కీడు చేయును. అందుచేత డిజిటల్ చిత్రకారుడనగా ఎవరు, అతడు మనిషి ముఖమును ఎట్లు వ్రాయును, కథలకు ప్రకటనలకు కావలసిన పాత్రలను ఎట్లు కల్పించును, అతనితో పంచాయతీకి గల పని యేమి అను విషయములను నేడు మనవి చేయుదును.

పనిముట్లు

మొదట పనిముట్లను చూతము. కంప్యూటరు తెరపై చేతితో గీయుట కొత్త సంగతి కాదు. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధకుడు స్కెచ్‌ప్యాడ్ అను ఏర్పాటును రూపొందించి, వెలుగు కలముతో తెరపై గీతలు గీసి చూపినాడు. 1990లో ఫోటోషాప్ అను సాఫ్ట్‌వేరు బజారులోనికి వచ్చినది. నేడు చిత్రకారులు వాడు పలకలు ముఖ్యముగా రెండు రకములు. ఒకదానిలో చేయి పలకపై నుండును, చూపు ఎదుటి తెరపై నుండును. రెండవదానిలో తెరపైననే గీయవచ్చును. కలమును గట్టిగా నొక్కినచో గీత లావగును, తేలికగా ఆనించినచో సన్నగిల్లును. ఈ కాలపు కలములలో పెక్కింటికి నొక్కుటలో 8192 స్థాయిల భేదము తెలియును. మన ఇండ్లలో ముగ్గు వేయు స్త్రీ వ్రేళ్ల నడుమ పిండిని వదలుటలో చూపు నేర్పును ఆ యంత్రము అందుకొనుటకు ప్రయత్నించుచున్నదని చెప్పవచ్చును.

ఇక రెండవ సౌకర్యము పొరలు. పారదర్శకమైన కాగితములను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు, చిత్రకారుడు ఒక పొరలో చిత్తు గీతను, మరియొక పొరలో ముఖమును, వేరొక పొరలో దుస్తులను, ఇంకొక పొరలో వెనుకటి దృశ్యమును ఉంచును. దుస్తుల రంగు మార్చవలసినచో ముఖమును ముట్టనక్కరలేదు. పొరపాటు గీతను వెంటనే వెనుకకు తీసికొనవచ్చును. రంగు డబ్బాలు, గుడ్డలు, కుంచెలు కొనవలసిన పని లేదు. క్రీటా అను సాఫ్ట్‌వేరు ఉచితముగనే దొరకును. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్దముక్క యని అర్థము. బడి పలకపై సుద్దముక్కతో బొమ్మ గీసి దెబ్బలు తిన్నవారు మనలో చాలమంది ఉన్నారు గనుక ఆ పేరు మనకు పరాయిది కాదు.

ఇన్ని సౌకర్యములున్నను, ఆ యంత్రమునకు ముఖమనగా ఏమో తెలియదు. తెలిసినది చిత్రకారునకు. అది అతనికి చూచి చూచి, గీసి గీసి అబ్బినది.

ముఖము వ్రాయు విధానము

ఒక చిన్న పరీక్ష చేయుడు. ఇంటికి వెళ్లిన తరువాత మీ పిల్లలను ఒక ముఖము గీయుమనుడు. నూటికి తొంబది మంది కన్నులను నుదుటి దగ్గరకు ఎక్కించి గీయుదురు. నిజమునకు నడినెత్తినుండి గడ్డము కొనవరకు కొలిచినచో పెద్దవారి కన్నులు ఇంచుమించు సగములో నుండును. చిన్నపిల్లలకు ఇంకను క్రిందుగా నుండును. రెండు కన్నుల నడుమ దూరము సుమారు ఒక కన్ను వెడల్పు. ఇట్టి కొలతలు నేర్చుకొనుటతో చిత్రకారుని సాధన మొదలగును. అటుపిమ్మట ఈ కొలత ఒక్కొక్క ముఖములో ఎక్కడ తప్పినదో పట్టుకొనుట నేర్చుకొనవలెను. ఆ తప్పిన చోటనే మనిషి పోలిక ఉన్నది.

తరువాత వెలుగు నీడలు. మంచి చిత్రకారుడు రంగులకు ముందు వెలుగెంత, నీడయెంత అని చూచును. బొమ్మను కొంతసేపు నలుపు తెలుపులలోనికి మార్చి, ముఖము గుండ్రముగా నిలిచియున్నదా, పలుచగా అట్టవలె ఉన్నదా అని పరీక్షించును. బొమ్మను అద్దములోవలె ఎడమ కుడులు తారుమారు చేసి చూచును. అంతవరకు కనబడని వంకరలు అప్పుడు బయటపడును. పనిని అద్దములో చూచుకొనవలెనని ఐదువందల యేండ్ల క్రిందట ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చి కూడ తన వ్రాతలలో చెప్పియున్నాడు. నాటి అద్దము నేడు తెరమీద ఒక మీట అయినది, అంతే.

రంగుల విషయములో మీకు ప్రత్యేకముగా ఒక మాట చెప్పవలెను. మన ఫ్లెక్సీలపై మనుష్యులందరును ఒకే తెల్లదనముతో, ఒకే నునుపుతో ఉండుట మీరు గమనించియుందురు. ఎండలో కష్టపడి ఊరిని నిలబెట్టిన మనిషి చామనఛాయను తుడిచివేసి, ముఖపు ముడుతలను చెరపివేసి, గౌరవించితిమని అనుకొనుచున్నాము. చిత్రము నేర్చినవాడు ఆ పని చేయడు. నల్లని చర్మముపై ఎన్ని రంగులు పలుకునో అతనికి తెలియును. ఆరుబయట నిలిచిన మనిషి నుదుటిపై ఆకాశపు నీలిఛాయ వాలును. చెవి వెనుక ఎండ ఉన్నప్పుడు చెవితమ్మె ఎర్రగా వెలుగుట మీరు చూచియే యుందురు. నీడలో కూడ రంగున్నది. అది వట్టి మసి కాదు.

ఒక ఊరి అనుభవము

ఇవి మాటలవలన తేటపడవు. కావున నేనెరిగిన ఒక సంగతి చెప్పుదును. పేర్లు అవసరము లేదు.

ఒక గ్రామములో బడికి స్థలమిచ్చిన ఒక పెద్దామె గతించి చాలకాలమైనది. గ్రంథాలయములో ఆమె చిత్రము పెట్టవలెనని పంచాయతీ తీర్మానించినది. ఆమె ఫోటో ఒక్కటే దొరికినది. అదియు బడి పిల్లలందరితో కలిసి తీయించుకొన్నది. అందులో ఆమె ముఖము కందిగింజంత. దానిపై చెమ్మ మరక. ఎవరో ఒక యువకుడు ఆ ఫోటోను యంత్రమునకు ఇచ్చి స్పష్టము చేయించినాడు. క్షణములో నిగనిగలాడు ముఖము వచ్చినది. అందరు సంతోషించినారు. దానిని చట్రము కట్టించుటకు ముందు ఆమె చెల్లెలికి చూపినారు. ఆ వృద్ధురాలు చాలసేపు చూచి, "ఈవిడ ఎవరమ్మా?" అని అడిగినది.

కారణము వినుడు. కందిగింజంత ముఖములో లేని వివరములను యంత్రము వెదకి తీయలేదు. అది తాను నేర్చిన వేలకొలది ఇతర ముఖములను బట్టి అక్కడ ఏమి ఉండవచ్చునో ఊహించి నింపినది. బొమ్మ చక్కగనే ఉన్నది గాని ముఖము పరాయిది.

అప్పుడు ఆ ఊరి అమ్మాయి ఒకతె, డిగ్రీ చదువుచు పలకపై బొమ్మలు సాధన చేయుచున్నది, పనికి పూనుకొన్నది. ఆమె ముందు పలకను ముట్టనే లేదు. మూడు సాయంత్రములు ఆ వృద్ధురాలి అరుగుపై కూర్చుండి మాటలు విన్నది. దవడ ఎముక ఎవరికి వచ్చినదని అడిగి, మనుమని ముఖమును కాగితముపై గీసికొన్నది. తరువాత చిత్తు బొమ్మ చూపినది. "మా అక్క నవ్వినప్పుడు ఎడమ కన్ను చిన్నదయ్యెడిది" అని వృద్ధురాలు చెప్పినది. కొప్పు అంత పైకి లేదని పొరుగామె చెప్పినది. ఒక్కొక్క దిద్దుబాటును వేరు పొరపై వేసి, ఇది సరియా, అది సరియా అని చూపుచు పోయినది. నాలుగవసారి చూపినప్పుడు వృద్ధురాలు ఏమియు అనలేదు. పైట కొంగుతో తెరను తుడిచినది. తెరపై దుమ్మేమియు లేదు.

ఆ చిత్రము నేడు గ్రంథాలయములో ఉన్నది. క్రింద ఒక మూల చిన్న అక్షరములలో, ఉన్న ఫోటోను బట్టియు బంధువుల జ్ఞాపకమును బట్టియు చిత్రించబడినదని వ్రాసియున్నది. ఆ వాక్యము వ్రాయించినది ఆ అమ్మాయియే. తనకు తెలిసినంతవరకే చెప్పుట, ఊహించినదానిని ఊహ యని ఒప్పుకొనుట ఆమె నిజాయితీ. మన మినిట్స్ పుస్తకములకు కూడ అదే నీతి వర్తించునని వేరుగ చెప్పనక్కరలేదు.

పాత్రల కల్పన

ఇంతవరకు ఉన్న మనిషిని వ్రాయుటను గూర్చి చెప్పితిని. ఇక లేని మనిషిని కల్పించుట. పిల్లల కథలకు, చలనచిత్రములకు, కంప్యూటరు ఆటలకు, ఆరోగ్య ప్రచారమునకు పాత్రలు కావలెను. ఆ పాత్రల ఆకారమును, దుస్తులను, నడకను, ముఖభావములను ముందుగా నిర్ణయించి గీయుటయే పాత్రల రూపకల్పన.

ఈ విద్య మనకు కొత్తది కాదు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము సమీపమున ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటించినారు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరపైకి రాగానే మాట పలుకకముందే పిల్లలు నవ్వుదురు. ఏలయనగా ఆ ఆకారమే పాత్రను చెప్పును. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు ఎర్రని నేలపై కథలు వ్రాసిన పొడవైన పటములలోను ప్రతి పాత్రకును ఒక గుర్తు ఉండును. బాపుగారు గీసిన బుడుగును చూచినచో అల్లరి అను మాట వ్రాయనక్కరలేదు. ఆర్.కె.లక్ష్మణ్‌గారి సామాన్యుడు గళ్లకోటుతో, ధోవతితో నోరు విప్పకుండ నిలిచి, అన్నియు చూచినాడు.

నేటి డిజిటల్ చిత్రకారుడు చేయునది అదియే. అతడు పాత్రను మొదట నిండు నలుపుతో నింపి చూచును. కన్ను ముక్కు కనబడకున్నను ఫలానా పాత్ర యని నీడను బట్టియే గుర్తుపట్టగలిగినచో ఆకారము కుదిరినట్లు. గుండ్రని రూపములు మెత్తదనమును, చదరపు రూపములు దృఢత్వమును, కోణములు ప్రమాదమును తోపించునని వారి పాఠము. తరువాత ఒకే పాత్రను ముందునుండి, ప్రక్కనుండి, వెనుకనుండి గీసి, నవ్వు, కోపము, భయము, ఆలోచన మొదలగు భావములతో వేరొక పత్రము తయారుచేయును. ఈ పత్రము ఉన్నచో పది నెలల తరువాత మరియొకడు గీసినను పాత్ర మారిపోదు. అంగన్‌వాడీ గోడపైని బొమ్మయు, కరపత్రముపైని బొమ్మయు ఒకే మనిషిగా నుండును.

నేను చేసిన తప్పు

అయితే ఆకారము ఇంత గట్టిగా మాట్లాడునప్పుడు అది అవమానము కూడ చేయగలదు. ఈ పాఠము నేను పుస్తకమువలన నేర్చుకొనలేదు, నా తప్పువలన నేర్చుకొన్నాను.

కొన్ని యేండ్ల క్రిందట డెంగీ జ్వరమును గూర్చి ఒక ప్రచార చిత్రము కావలసివచ్చినది. ఒక యువ చిత్రకారునితో నేను, "ఒక తెలివిగలవాడు, ఒక తెలివిలేనివాడు, ఇద్దరిని గీయుము" అని చెప్పితిని. తెలివిగలవాడు తెల్లగా, కళ్లజోడుతో, ఇస్త్రీ చొక్కాతో ఉండవలెనని, తెలివిలేనివాడు నల్లగా, తలపాగతో, భుజాన గొంగడితో ఉండవలెనని చెప్పినదియు నేనే. ఆ యువకుడు, "సార్, గొంగడి అవసరమా?" అని మెల్లగా అడిగినాడు. తేదీ దగ్గరపడినదని చెప్పి అతని నోరు మూయించినాను.

ఒక గ్రామసభలో ఆ చిత్రమును గోడకు తగిలించి నేను ప్రసంగించుచుండగా గొఱ్ఱెల కాపరి యైన ఒక పెద్దమనిషి లేచి నిలిచినాడు. కోపము లేదు. "అయ్యా, ఆ దోమ ఏ నీళ్లలో పుట్టునని మీరు చెప్పినారు?" అని అడిగినాడు. నిలువయున్న మంచినీటిలో, మూతలేని తొట్లలో, కూలర్లలో, పూలకుండీల క్రింది పళ్లెములలో అని చెప్పితిని. "మా ఇంట కూలరు లేదు, తొట్టి లేదు, పూలకుండీ లేదు. తెచ్చిన బిందె నీళ్లు ఆ పూటకే చాలవు. మరి ఆ బొమ్మలో తెలివిలేనివాడు మావాడెట్లయినాడు?" అని అడిగి కూర్చుండినాడు.

నాయొద్ద జవాబు లేదు. గ్రామసభ నిశ్శబ్దమైనది. నేను చెప్పినది శాస్త్రము. నేను గీయించినది నా మనస్సులోని దురభిప్రాయము. చూచువారికి మొదట కనబడినది బొమ్మయే.

మరునాడు ఆ యువకుని పిలిచి క్షమాపణ చెప్పుకొని, ఏమి చేయుదమని అడిగినాను. అతడు ముందే ఆలోచించి ఉంచినాడు. "ఇద్దరు వద్దు సార్, ఒక్కరే చాలు. ఒకే గృహిణి, ఒకే ఇల్లు. మొదటి బొమ్మలో తొట్టికి మూత లేదు. రెండవ బొమ్మలో వారమునకు ఒకసారి తొట్టి కడిగి ఆరబెట్టుచున్నది. మనిషి మారలేదు, పని మారినది" అనినాడు. అట్లే గీసినాడు. అందులో ఎవరును మూర్ఖులు కారు. మరచిన మనిషి, గుర్తు తెచ్చుకొన్న మనిషి ఒక్కరే. ఆ చిత్రమును తరువాత ఎన్నో ఊళ్లలో తగిలించితిమి. ఎక్కడను ఎవరును లేచి నిలిచి అడుగవలసిన అవసరము రాలేదు.

నాటినుండి నేను ఒక నియమము పెట్టుకొన్నాను. తాగుబోతు, సోమరి, అజ్ఞాని అను పాత్ర ఏది గీయించినను, అతని దుస్తులు, రంగు, చేతిలోని పనిముట్టు ఏ కులమునో, ఏ వృత్తినో, ఏ మతమునో, ఏ ప్రాంతమునో వ్రేలుపెట్టి చూపుచున్నవా అని ముందు పరిశీలింతును. మీరును పంచాయతీ గోడపై బొమ్మ వేయించుటకు ముందు దానిని ఆ వృత్తివారికి, ఆ వీధివారికి చూపుడు. వారు నొచ్చుకొన్నచో గోడపై సున్నము తడవకముందే దిద్దుకొనవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

ఇక పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగిన పనులను చెప్పి ముగించెదను.

ఒకటి. పని ఒప్పగించునప్పుడు కాగితముపై వ్రాయుడు. చిత్రము ఎక్కడ పెట్టుదురు, ఎంత కొలత, ఎన్నిసార్లు దిద్దుబాటు, ఏ తేదీకి, ఎంత ప్రతిఫలము అనునవి ముందే తేల్చుకొనుడు. "మన ఊరివాడే గదా, రెండు నిమిషముల పని" అనుట న్యాయము కాదు. తాపీమేస్త్రీకి కూలి ఇచ్చుచున్నాము, వడ్రంగికి ఇచ్చుచున్నాము. ముప్పది గంటలు కూర్చుండి ముఖము వ్రాసినవానికి శాలువ కప్పి పంపిన సరిపోదు.

రెండు. కొలత తెలిసికొనుడు. దగ్గరనుండి చూడవలసిన చిత్రమును అచ్చు వేయునప్పుడు అంగుళమునకు 300 చుక్కలుండుట మేలు. 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవు గల చిత్రమునకు అడ్డముగా 3600, నిలువుగా 5400, వెరసి 1,94,40,000 చుక్కలు కావలెను. ఫోనులో వచ్చిన 900 చుక్కల వెడల్పు గల బొమ్మను అంత పెద్దది చేసినచో ఒక్కొక్క చుక్క పదునారు చుక్కల చోటును నింపవలసివచ్చును. ముఖము మసకబారును. దూరమునుండి చూచు ఫ్లెక్సీకి ఇంత సాంద్రత అక్కరలేదు. తెరపై వెలుగుతో కనబడు రంగులు కాగితముపై సిరాతో కొంత మందగించును. కావున ఒక చిన్న నమూనా అచ్చువేయించి చూచిన తరువాతనే మొత్తము పనికి సమ్మతించుడు.

మూడు. ముఖము ఎవరిదో వారి అనుమతి తీసికొనుడు. గతించినవారైనచో కుటుంబమును అడుగుడు. పింఛను పొందు వృద్ధురాలి ముఖమును, జబ్బుపడిన బిడ్డ ముఖమును ప్రచారమునకు వాడదలచినచో ఎక్కడ పెట్టుదుమో వారికి వివరించి చెప్పుడు. వద్దన్నచో మానుకొనుడు. సహాయము పొందిన కారణమున మనిషి తన ముఖముపై హక్కు పోగొట్టుకొనడు.

నాలుగు. చట్టమును గుర్తుంచుకొనుడు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రముపై హక్కు సామాన్యముగా చిత్రకారుని జీవితకాలమును, ఆపైన 60 సంవత్సరములును ఉండును. ఒకరు కోరగా ప్రతిఫలము తీసికొని వ్రాసిన రూపచిత్రము విషయములో, వేరు ఒప్పందము లేనిచో, మొదటి హక్కుదారు వ్రాయించుకొన్నవారు. అప్పుడును ఆ పని తనదని చెప్పుకొను హక్కు, దానిని తన పేరుకు మచ్చ కలుగునట్లు మార్చరాదని అడ్డుపడు హక్కు చిత్రకారునికి ఉన్నవి. కావున మూలనున్న సంతకమును కత్తిరించకుడు. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మలన్నియు ఊరుమ్మడి సొత్తు కావు.

ఐదు. నేడు ఒక వాక్యము వ్రాసినచో బొమ్మ తయారుచేయు యంత్రములు వచ్చినవి. చెట్టు, పుట్ట, పండుగ అలంకారము మొదలగువానికి వాడుకొన్నచో ఆ మాట చెప్పి వాడుకొనుడు. నిజముగా ఉన్న మనిషి, నిజముగా జరిగిన సంఘటన అయినప్పుడు మాత్రము వానిని నమ్మి గోడకెక్కించవద్దు. "ఈవిడ ఎవరమ్మా" అని అడిగిన వృద్ధురాలిని జ్ఞప్తియందుంచుకొనుడు.

ఆరు. నేర్చుకొనువారికి చోటు చూపుడు. 1993 ఏప్రిల్ 24నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములున్నవి. అందులో సాంకేతిక శిక్షణ, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు చేరియున్నవి. రాష్ట్ర చట్టములు మీకు అప్పగించిన మేరకు గ్రంథాలయములోనో, బడిలోనో ఉన్న కంప్యూటరును సాయంత్రము రెండు గంటలు ఈ పిల్లలకు తెరచి ఉంచవచ్చును. ఆడపిల్లలు చీకటిపడక ముందే ఇల్లు చేరునట్లు వేళ నిర్ణయించుడు. పలక లేని పిల్లలకు పెన్సిలు, కాగితము చాలును. చేయి కుదిరినచో పలక తరువాత రావచ్చును.

ఇక్కడ ఒక నిజము కూడ చెప్పవలెను. నేర్చిన ప్రతివారికిని ఇందులో జీవనము దొరకునని నేను వాగ్దానము చేయజాలను. పట్టణములలోని సంస్థలు ఆశించు నైపుణ్యము ఎక్కువ, పోటీ ఎక్కువ. అందుచేత చదువు మానుకొమ్మని ఏ పిల్లవానికిని చెప్పకుడు. కాని సాధన చేయువానిని పనికిమాలినవాడని కూడ అనకుడు. ఏది సాధనయో తెలిసికొనుటకు సులభమైన గుర్తు ఒకటి ఉన్నది. "నీవు ఈ నెలలో ఎవరిని ఎదురుగా కూర్చుండబెట్టి గీసితివి?" అని అడుగుడు. సంతలో కూరగాయలమ్మ ముఖమును, రచ్చబండపై ముసలాయన చేతులను, బస్సు కొరకు నిలిచిన విద్యార్థులను గీసిన పుటలు చూపినచో వాడు పని నేర్చుకొనుచున్నాడు. ఇతరుల బొమ్మలపై గీతలు దిద్ది తనవని చూపినచో ఆ సంగతి నెమ్మదిగా చెప్పి, సంతకు పంపుడు.

సోదర సోదరీమణులారా! ఫ్లెక్సీ ఒక వేసవికే వెలిసిపోవును. గాలివానకు చిరిగి గేదెల పాకపై కప్పగును. కాని ఒక ఊరు తన మనుష్యులను శ్రద్ధగా చూచి వ్రాయించుకొన్న ముఖములు నిలుచును. మీ ఊరిలో చెరువుకట్ట పోసినవారు, పురుళ్లు పోసిన మంత్రసాని, అరుగుమీద అక్షరములు నేర్పిన పంతులుగారు ఉండియుందురు. వారిని ఎరిగిన వృద్ధులు నేడున్నారు, ఇంక పదేండ్లకు ఉందురో లేదో తెలియదు. పలక పట్టిన పిల్లలును నేడున్నారు. వీరిద్దరిని ఒక అరుగుపై కూర్చుండబెట్టుట పంచాయతీ చేయగల పని. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఈ తరగతినుండి మీరు ఇంటికి పోయిన వారములోనే మీ ఊరి వృద్ధులలో ఒకరియింటికి ఆ పిల్లను వెంటబెట్టుకొని వెళ్లుడు. మొదటి ప్రశ్న మీరే అడుగుడు. తక్కినది ఆ పిల్ల చూచుకొనును.